పాన్ యామ్ మేడ మీంచి కెన్నెడీకి ఏడు నిమిషాలు: పాత హెలికాప్టర్ సర్వీసుల్ని ఫ్లైట్ సిమ్‌లో తిప్పుతున్నవాళ్ళు ఇటు రండి

#1 · బేగంపేట_బాబి · శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. రెండు నెలల నుంచి ఎక్స్-ప్లేన్ 12లో (కంప్యూటర్లో విమానాలు నడిపే సిమ్యులేటర్) ఒకటే పిచ్చి పట్టుకుంది. నా ఎయిర్‌బస్సులన్నీ మూలపడ్డాయి. "ఆ ఒక్క బిల్డింగు మీద ఇంకెన్నిసార్లు పడతావ్?" అని మా ఆవిడ నవ్వుతోంది.

ఆ బిల్డింగు న్యూయార్క్‌లో పార్క్ అవెన్యూ మీదున్న పాన్ యామ్ (పాత అమెరికా ఎయిర్‌లైన్) భవనం. ఇప్పుడు మెట్‌లైఫ్ అంటున్నారు. 59 అంతస్తులు, 808 అడుగులు. 1965 డిసెంబర్ 21న దాని మేడ మీద హెలిపోర్టు తెరిచి, న్యూయార్క్ ఎయిర్‌వేస్ వాళ్ళు కెన్నెడీ ఎయిర్‌పోర్టుకి సర్వీసు నడిపారు. ఊరి నడిబొడ్డున టికెట్ చూపించి, లిఫ్టెక్కి, మేడ మీద హెలికాప్టర్ ఎక్కితే కెన్నెడీలో జెట్ దగ్గర దించేవాళ్ళు. మంత్రిగారికో, కోటీశ్వరుడికో కాదు, టికెట్ కొన్న ఎవరికైనా. మన దగ్గర సిటీ బస్సు తిప్పినట్టు టైమ్‌టేబుల్ వేసి తిప్పారు.

మేడ నుంచి కెన్నెడీకి సూటిగా 11 నాటికల్ మైళ్ళు చూపిస్తోంది మ్యాపు. 120 నాట్ల (గంటకి 120 నాటికల్ మైళ్ళ) మీద అయిదున్నర నిమిషాలు. లేవడం, దిగడం కలుపుకుంటే ఏడు. నాకు 11 పడుతోంది, అదీ దిగగలిగిన రోజు.

అసలు బాధ తిరుగు ప్రయాణంలో. ఓ అభిమాని చేసి ఉచితంగా పెట్టిన ఎస్-61 హెలికాప్టర్ మోడల్ వాడుతున్నా. మేడ దగ్గరికొచ్చి స్పీడు తగ్గించగానే దబ్బున కిందికి పోతుంది. కలెక్టివ్ (హెలికాప్టర్‌ని లేపే, దించే లివర్) ఎంత లాగితే అంత తొందరగా పడుతోంది. నిన్న 31 సార్లు ప్రయత్నిస్తే 4 సార్లు దిగా. మోడల్లో లోపమా, నాలోనా? స్క్రీన్‌షాట్ పెట్టా.

#2 · జెర్సీ_సుబ్బు · శనివారం, రాత్రి 11:15

ఓరి దేవుడా! గ్రాండ్ సెంట్రల్‌లో రైలు దిగి రోజూ ఆ భవనం కిందనుంచే ఆఫీసుకి నడిచి పోతాను బాబీ. ఆరేళ్ళయింది. నెత్తిమీద హెలికాప్టర్లు దిగేవని ఇవ్వాళ నువ్వు చెబితే తెలిసింది. సోమవారం మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తా.

ఒక సంగతి మాత్రం కళ్ళారా చూసింది చెప్తా. క్రైస్లర్ భవనం దానికి చాలా దగ్గర. కెన్నెడీ వైపు ముక్కు పెడితే కొంచెం కుడి పక్కన, గట్టిగా రెండొందల మీటర్ల దూరంలో ఉంటుంది. దాని సూది కొస 1,046 అడుగులు, అంటే మీ మేడ కంటే ఎత్తు. కాబట్టి లేవగానే కుడికి తిరగొద్దు.

#3 · కలెక్టివ్_కవిత · ఆదివారం, ఉదయం 7:20

బాబీ, మోడల్ మంచిదే. నువ్వే పడుతున్నావు, నీ సొంత గాలిలో.

దీన్ని వోర్టెక్స్ రింగ్ అంటారు. రోటర్ కిందికి తోసిన గాలి రెక్క కొసల చుట్టూ తిరిగి మళ్ళీ పైనుంచి లోపలికే వస్తుంది. ముందుకి కదలకుండా నిలువునా గబగబా దిగితే ఆ సుడిలోకి నువ్వే దిగుతావు. అప్పుడు కలెక్టివ్ లాగడమంటే సుడిని ఇంకా గట్టిగా తిప్పడమే. 30 నాట్ల కంటే నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 300 అడుగుల కంటే వేగంగా దిగకు. చిక్కుకుంటే కలెక్టివ్ కాస్త దించు, సైక్లిక్ (ముందుకీ పక్కకీ నడిపే కర్ర) ముందుకు నొక్కు, స్పీడు రానీ. మేడ దాటి వీధి మీదికొచ్చేస్తావు, ఫర్వాలేదు, కింద 800 అడుగులుంది. చుట్టు తిరిగి మళ్ళీ రా.

మేడ మీద కన్ను మోసం చేస్తుంది, అదింకో గొడవ. నేల మీద దిగేటప్పుడు చెట్లో కంచెలో పక్కనుండి మన వేగం చెబుతాయి. ఇక్కడ పక్కన ఏమీ ఉండదు, కింద ఎక్కడో చీమల్లాంటి కార్లు. 50 నాట్ల మీద వస్తున్నా నిలబడ్డట్టే ఉంటుంది. ఆఖరి నిమిషంలో కంగారుపడి ముక్కు పైకెత్తి స్పీడంతా ఒక్కసారి చంపేస్తాం. అక్కడే సుడి పట్టుకుంటుంది. బయటికి చూడటం తగ్గించి నిలువు వేగం ముల్లు చూడు.

ఇక చరిత్ర దగ్గరికొస్తే ఊరుకోలేను. 1965లో ఆ మేడ మీద దిగింది ఎస్-61 కాదు, బోయింగ్ వర్టాల్ 107. ముందొకటి వెనకొకటి రెండు రోటర్లు, 25 మంది ప్రయాణికులు. హెలిపోర్టు 1968లో మూతపడింది, 1977లో మళ్ళీ తెరిచారు. ఎస్-61ఎల్ వచ్చింది ఆ రెండో విడతలో. పైగా నీ స్క్రీన్‌షాట్‌లో కొత్త వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కనబడుతోంది, అది 2014లో తెరిచింది. 1965కి అక్కడ టవర్లే లేవు, 1977కి జంట టవర్లు ఉండాలి. నువ్వు ఎగురుతున్నది ఏ సంవత్సరమో నీకైనా తెలుసా?

#4 · బేగంపేట_బాబి · ఆదివారం, ఉదయం 9:05

కవితక్కా, చంపేశావు పో. పొద్దున్నే కాఫీ తాగకుండా చదివా.

నువ్వు చెప్పినట్టు ముల్లు చూస్తూ వచ్చా. 10కి 7. ఒకసారి సుడిలో పడి, నువ్వన్నట్టే పార్క్ అవెన్యూ మీదికి జారి, మళ్ళీ తిరిగొచ్చి దిగా. దానికే చప్పట్లు కొట్టుకున్నా. వీడియో కూడా పెట్టా.

సంవత్సరం విషయం ఒప్పుకుంటున్నా. వర్టాల్ మోడల్ నాకెక్కడా దొరకలేదు. అందుకని 1977 అనుకుని కొత్త టవర్ తీసేసి, పాత జంట టవర్ల ఆబ్జెక్టులు పెట్టా. మేడ మీద ప్యాడ్ మాత్రం వరల్డ్ ఎడిటర్‌లో (సిమ్ దృశ్యాలు గీసే ప్రోగ్రాం) నేనే గీసుకున్నా. మొదట్లో చక్రాలు మేడలోంచి దూరిపోయి లిఫ్టు గదిలోకి వెళ్ళేవి. ఆబ్జెక్టు ఫైల్లో పై తలానికి హార్డ్ అని గుర్తు పెడితేనే అది నేలలా పనిచేస్తుందని మూడు రోజుల తర్వాత తెలిసింది.

#5 · గేర్‌బాక్స్_తాత · ఆదివారం, మధ్యాహ్నం 2:48

బాబులూ, నేను సిమ్ ఆడను. మనవడు ఈ చర్చ చూపిస్తే చదివాను. నేవీలో టెక్నీషియన్‌గా చేసి రిటైరై విశాఖలో ఉంటున్నాను. కొచ్చిలో ఉన్నన్నాళ్ళు నా చేతులకంటిన గ్రీజంతా సీ కింగ్‌దే. సీ కింగ్, మీ ఎస్-61 ఒక తల్లి పిల్లలు. అదే అయిదు రెక్కల రోటర్. మా వాటికి రోల్స్ రాయిస్ నోమ్ ఇంజిన్లు, అవి కూడా అమెరికా వాళ్ళ టి58 నుంచి పుట్టినవే.

మీరు దిగడం గురించే మాట్లాడుతున్నారు. లేవడం గురించి ఒక మాట. మేడ మధ్యలో హోవర్‌లో (గాల్లో ఒకే చోట నిలబడి) ఉన్నప్పుడు రోటర్ తోసిన గాలికి కింద కాంక్రీటు అడ్డం ఉంటుంది. అది మిమ్మల్ని మోస్తుంది. మేడ అంచు దాటిన మరుక్షణం ఆ పరుపు లాగేసినట్టవుతుంది. బరువు మీద ఉన్న మిషన్ గుండె జారినట్టు దిగుతుంది. అప్పటికి మీకు ముందుకు వేగం ఉండాలి. సుమారు 20 నాట్లు దాటితే రోటర్‌కి తాజా గాలి అంది మిషన్ దానంతటదే తేలికవుతుంది. ఈ రెంటికీ మధ్య కొన్ని సెకన్లు ఉంటాయి, పైలట్ పనితనమంతా అందులోనే.

ఇప్పటి పైలట్లకి నేర్పేదేమంటే, మేడ మీంచి నిలువుగా, కొంచెం వెనక్కి లేవమని. ప్యాడ్ కళ్ళముందే ఉంటుంది. ఒక ఇంజిన్ పోతే మళ్ళీ దాని మీదే దిగొచ్చు. ఒక ఎత్తు దాటాక ఇక ముందుకే.

మనవడు మీ వీడియో వినిపించాడు. చప్పుడు తప్పు. ఫ్యాన్ తిరిగినట్టుంది. ఆ మిషన్‌లో గేర్‌బాక్స్ ఏడుస్తుంది. పళ్ళు జివ్వుమనేలాగ.

#6 · స్లౌ_శీను · ఆదివారం, సాయంత్రం 6:30

తాతగారూ, నమస్కారం. మీలాంటి వారు ఇక్కడికి రావడం మా అదృష్టం.

న్యూయార్క్ గొప్పలు చాలు, ప్రపంచంలో మొదటి షెడ్యూల్డ్ హెలికాప్టర్ ప్రయాణికుల సర్వీసు మా బ్రిటన్ వైపు మొదలైంది. 1950 జూన్ 1న బీఈఏ (బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్) వాళ్ళు లివర్‌పూల్ నుంచి కార్డిఫ్‌కి నడిపారు, మధ్యలో రెక్సమ్‌లో ఆగేది. ఎస్-51 హెలికాప్టర్, ముగ్గురు ప్రయాణికులు. ముగ్గురంటే మన షేర్ ఆటో కంటే తక్కువ! తర్వాత సంవత్సరం మార్చికల్లా ఆపేశారు.

నాకిష్టమైంది మాత్రం పెన్జాన్స్ నుంచి సిల్లీ దీవులు. 1964లో ఎస్-61ఎన్‌తో మొదలై 2012 అక్టోబర్ దాకా నడిచింది. 48 ఏళ్ళు, ఒకే రకం హెలికాప్టర్. ఎస్-61ఎల్‌కీ ఎన్‌కీ తేడా తెలియనివారికి: ఎన్ పొట్ట పడవలా ఉంటుంది, అవసరమైతే నీటి మీద తేలుతుంది. సిల్లీలో పెద్ద దీవి సెయింట్ మేరీస్‌కి 32 నాటికల్ మైళ్ళు, ఇరవై నిమిషాలు. కొత్తవాళ్ళు మేడ మీద పడి పళ్ళు రాలగొట్టుకునే బదులు ఇది నేర్చుకోండి. రెండు వైపులా చదునైన నేల, మధ్యలో సముద్రం.

ఇంకొకటి, చెబితే నవ్వుతారు. 1978 నుంచి 1986 వరకు గాట్విక్, హీత్రోల మధ్య ఎస్-61ఎన్ తిరిగేది, రిజిస్ట్రేషన్ కూడా జి-లింక్. ఆ రెండింటినీ కలుపుతూ ఎం25 రోడ్డు పడ్డాక ఆపేశారు, ఇక కార్లో పోవచ్చు కదా అని. నేను రోజూ అదే ఎం25 మీద ట్రాఫిక్‌లో కూర్చుని పైకి చూస్తుంటాను.

#7 · టర్బో_తేజ · ఆదివారం, రాత్రి 8:11

బాబి బ్రో, 1977 అన్నావ్ కదా, ఆ మే నెల యాక్సిడెంట్ కూడా రీక్రియేట్ చేసి వీడియో పెట్టు. ఫెయిల్యూర్ మెనూలో ల్యాండింగ్ గేర్ కొట్టేస్తే చాలు. వ్యూస్ మామూలుగా రావు.

#8 · పర్యవేక్షకుడు · ఆదివారం, రాత్రి 8:40

తేజా, ఆ పని ఇక్కడ వద్దు. తెలియనివారి కోసం: 1977 మే 16న ఆ మేడ మీద రోటర్ తిరుగుతుండగానే ప్రయాణికులు ఎక్కుతున్నారు. ఎస్-61ఎల్ ల్యాండింగ్ గేర్‌లో ఒక భాగం లోహం అలిసిపోయి విరిగింది, హెలికాప్టర్ పక్కకి ఒరిగింది. మేడ మీద నలుగురు పోయారు. విరిగిన రెక్క ముక్క కిందికి పడి వీధిలో నడుస్తున్న ఒకావిడ పోయారు. ఆ హెలిపోర్టు మళ్ళీ తెరవలేదు. దాన్ని వ్యూస్ కోసం ఆడించే వీడియోలు ఈ వేదికలో ఉండవు. ఎందుకు జరిగింది, ఎలా జరిగింది అని మాట్లాడుకోవచ్చు.

#9 · గేర్‌బాక్స్_తాత · ఆదివారం, రాత్రి 9:26

పర్యవేక్షకుడు గారికి ధన్యవాదాలు.

లోహం అలసట అంటే ఈ కుర్రవాడికి తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఒక ఇనప తీగని ఒక్కసారి వంచితే విరగదు. వందసార్లు కొంచెం కొంచెం వంచితే విరుగుతుంది. హెలికాప్టర్లో ప్రతి భాగం నిమిషానికి కొన్ని వందలసార్లు వంగుతూనే ఉంటుంది. అందుకే మా రెక్కలకి ఒక ఏర్పాటు ఉండేది. రెక్క వెన్నెముక లోపల గుల్లగా ఉంటుంది, అందులో నైట్రోజన్ ఒత్తిడితో నింపి మూసేస్తారు. ఎక్కడైనా వెంట్రుకంత పగులు వచ్చినా గ్యాస్ కారుతుంది, రెక్క మొదట్లో ఉన్న చిన్న గాజు కన్నులో రంగు మారుతుంది. పొద్దున్నే నిచ్చెనెక్కి, ఆ అయిదు కళ్ళలోకి నా కళ్ళు పెట్టి చూసి సంతకం చేయడం నా పని. వర్షంలోనూ చేశాను, జ్వరంలోనూ చేశాను.

న్యూయార్క్‌లో విరిగింది రెక్క కాదు, గేర్. దానికి అలాంటి కన్ను ఉండదు.

#10 · టర్బో_తేజ · ఆదివారం, రాత్రి 9:50

సారీ తాతగారూ. తెలియక అన్నా. తీసేయమంటే ఆ పోస్ట్ తీసేస్తా.

#11 · పర్యవేక్షకుడు · ఆదివారం, రాత్రి 9:58

ఉండనీ. కింద జవాబు పనికొచ్చేలా ఉంది.

#12 · కలెక్టివ్_కవిత · సోమవారం, రాత్రి 10:05

మీరంతా టర్బైన్లు తిప్పుతూ సుఖంగా ఉన్నారు. నేనిప్పుడు బ్రస్సెల్స్‌లో ఉన్నా (విజయవాడలో ఫ్యాన్ కిందే, సిమ్‌లో).

బెల్జియం ఎయిర్‌లైన్ సబేనా వాళ్ళు 1953 సెప్టెంబర్ 1న బ్రస్సెల్స్ నుంచి పక్క దేశాలకి హెలికాప్టర్ సర్వీసులు మొదలెట్టారు. దేశం దాటే షెడ్యూల్డ్ హెలికాప్టర్ సర్వీసు అదే మొదటిది. రాటర్‌డామ్, లీల్, మాస్ట్రిక్ట్, కొలోన్, బాన్. తర్వాత ఎస్-58లు వచ్చాక 1957లో పారిస్‌కి కూడా, ఇసీ-లే-మూలినో హెలిపోర్టుకి. బ్రస్సెల్స్‌లో ఊరి మధ్యే అల్లే వెర్ట్ హెలిపోర్టు. 1966 దాకా నడిచాయి.

ఎస్-58 గురించి చెప్పకపోతే నిద్రపట్టదు. ముక్కులో 1,525 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్, పాత డకోటా విమానాల జాతి రేడియల్ (సిలిండర్లు చుట్టూ చక్రంలా అమర్చినది). ప్రయాణికులు కింద గదిలో, పైలట్లు పైన అటక మీద కూర్చున్నట్టు. ఇంజిన్ నుంచి రోటర్‌కి పోయే షాఫ్ట్ ఇద్దరు పైలట్ల మధ్య నుంచి పైకి పోతుంది. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, వేడెక్కాక క్లచ్ కలిపితే అప్పుడు రోటర్ తిరగడం మొదలవుతుంది. మన స్కూటర్ న్యూట్రల్లో స్టార్ట్ చేసి తర్వాత గేరు వేసినట్టే.

రోటర్ వేగాన్ని ఇంజినే చూసుకునే గవర్నర్ ఉండదు. కలెక్టివ్ లాగితే రెక్కల మీద భారం పడి రోటర్ నెమ్మదిస్తుంది, వెంటనే అదే చేత్తో కలెక్టివ్ కొసనున్న పిడి తిప్పి ఇంజిన్ పెంచాలి. పెంచగానే ముక్కు పక్కకి తిరుగుతుంది, పెడల్ నొక్కాలి. పెడల్ నొక్కితే తోక రోటర్ శక్తి తింటుంది, మళ్ళీ పిడి. ఎడమ చెయ్యి ఒక్క క్షణం ఖాళీగా ఉండదు. పారిస్ దాకా నా మ్యాపులో 145 నాటికల్ మైళ్ళు, 85 నాట్ల మీద గంటా నలభై నిమిషాలు. దిగాక అన్నం కలుపుకోవడానికి కూడా మణికట్టు తిరగలేదు.

పిడి సంగతి చాలామంది మెసేజుల్లో అడిగారు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు జుమేరాత్ బజార్లో పాత స్కూటర్ హ్యాండిల్ ఒకటి కొన్నా, యాక్సిలరేటర్ పిడితో సహా. దాన్ని అడుగున్నర పీవీసీ పైపుకి బిగించా. పిడి లోపల తీగ తీసేసి పొటెన్షియోమీటర్ (ఎంత తిప్పామో చెప్పే చిన్న భాగం) పెట్టా, పైపు మొదట్లో ఇంకొకటి, రెండూ కంప్యూటర్‌కి కలిపే ఆర్డ్యునో బోర్డుకి. ఒక చిక్కు: స్కూటర్ పిడికి స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే వెనక్కి పోతుంది. హెలికాప్టర్ పిడి ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. స్ప్రింగ్ పీకి పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి బిగుతు పెట్టా. మొత్తం ఖర్చు పన్నెండు వందల లోపు.

#13 · బేగంపేట_బాబి · సోమవారం, రాత్రి 11:30

అక్కా, ఆ పైపు ఫోటో పెట్టు ముందు. మా ఆవిడ పాత స్కూటీ వైపు అనుమానంగా చూస్తోంది, నేను ఇంకా ఏమీ చేయలేదు.

ఇంకో ప్రశ్న, తెలిసినవారు చెప్పండి. ఇంత బాగున్నవి ఎందుకు ఆగిపోయాయి? ప్రమాదాల వల్లేనా?

#14 · స్లౌ_శీను · మంగళవారం, తెల్లవారుజామున 4:12

ప్రమాదాలు ఒక కారణం. లాస్ ఏంజెలెస్ ఎయిర్‌వేస్ 1968లో మే, ఆగస్టు నెలల్లో రెండు ఎస్-61ఎల్‌లు పోగొట్టుకుంది, 44 మంది పోయారు, కంపెనీ కోలుకోలేదు. న్యూయార్క్ ఎయిర్‌వేస్ 1979లో నెవార్క్ ప్రమాదం తర్వాత మూతపడింది.

కానీ నా దృష్టిలో అసలు కారణం డబ్బులే. న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్ కంపెనీలు మూడూ మొదట తపాలా మోసి, ప్రభుత్వ సబ్సిడీ మీద బతికినవే. 1965లో అమెరికా ప్రభుత్వం ఆ సబ్సిడీ ఆపింది. పాన్ యామ్ మేడ తెరిచింది కూడా ఆ సంవత్సరమే, అంటే పెద్ద ఎయిర్‌లైన్ల ఆసరా కోసం. 25 మందిని ఏడు నిమిషాలు మోయడానికి రెండు టర్బైన్లు, గేర్‌బాక్స్, తాతగారిలాంటి వాళ్ళ పొద్దుటి సంతకాలు. టికెట్ డబ్బులు ఏ మూలకి సరిపోతాయి?

#15 · జెర్సీ_సుబ్బు · మంగళవారం, ఉదయం 8:02

మన దేశం మాట కూడా అనుకోవాలి. ప్రభుత్వ హెలికాప్టర్ కంపెనీ పవన్ హన్స్ 1985లో పెట్టినప్పుడు బ్రిటన్ సాయం డబ్బుతో 21 వెస్ట్‌ల్యాండ్-30 హెలికాప్టర్లు కొన్నారు. రెండు ప్రమాదాలయ్యాక 1991లో అన్నిటినీ పక్కన పెట్టేశారు. మా చిన్నప్పుడు హెలికాప్టర్ అంటే ఎన్నికలప్పుడు హైస్కూలు గ్రౌండులో సున్నంతో గుండ్రం గీసి హెచ్ రాయడమే. దుమ్ము కళ్ళలో పడితేనే చూసినట్టు లెక్క.

అన్నట్టు నిన్న మెడ ఎత్తి చూశా. ఏమీ కనబడలేదు. మేడ అంచు, మబ్బు.

#16 · స్లౌ_శీను · మంగళవారం, రాత్రి 7:45

పర్యవేక్షకుడు గారి అనుమతి అడిగి రాస్తున్నా. సిల్లీ రూటులో 1983 జూలై 16న ఒక ఎస్-61ఎన్ సముద్రంలోకి వెళ్ళిపోయింది, 26 మందిలో 20 మంది పోయారు. మిషన్‌లో ఏ లోపమూ లేదు. మసక మబ్బు, అలల్లేని సముద్రం, ఆకాశానికీ నీటికీ గీత కనబడదు. పైలట్లు బయటికి చూస్తూ నెమ్మదిగా దిగిపోతున్నది గమనించలేదు. ఆ తర్వాతే తక్కువ ఎత్తుకి వస్తే గట్టిగా అరిచే హెచ్చరిక ఉండాలన్నారు.

నేను ప్రమాదాన్ని ఆడించలేదు. ఆ వాతావరణం ఒక్కటే పెట్టా: చూపు రెండు కిలోమీటర్లు, అలలు సున్నా, గాలి సున్నా, ఎత్తు చెప్పే గొంతు హెచ్చరికలు ఆపేశా. 250 అడుగుల మీద పట్టి ఉంచుదామనుకున్నా. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చడానికి తల దించి ఎత్తేసరికి 90. కడుపులో ఏమీ తెలియలేదు, కంటికీ ఏమీ తెలియలేదు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి టీ పెట్టుకున్నా.

#17 · గేర్‌బాక్స్_తాత · మంగళవారం, రాత్రి 9:15

శీను బాబూ, మా పైలట్లు రాత్రి సముద్రం మీంచి వచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. సిగరెట్ కాల్చుకుని అప్పుడు లాగ్ రాసేవాళ్ళు. మేం కూడా అడిగేవాళ్ళం కాదు.

#18 · బేగంపేట_బాబి · శుక్రవారం, రాత్రి 11:52

7 నిమిషాల 40 సెకన్లు! మేడ మీంచి కెన్నెడీ, చక్రాలు ఆనేదాకా. తాతగారు చెప్పినట్టు వెనక్కి లేచి, సుబ్బన్న చెప్పినట్టు క్రైస్లర్‌ని కుడివైపు వదిలి, ఈస్ట్ రివర్ దాటి క్వీన్స్ మీదుగా. తిరుగు ప్రయాణంలో కవితక్క ముల్లు. పది సార్లలో తొమ్మిది దిగా. పదోసారి గాలి 25 నాట్లు పెట్టుకున్నా, అది నా తప్పే. మేడకి గాలి తగిలే వైపు పైకి ఎగదోసింది, అవతలి వైపు ముంచేసింది.

ఈ శనివారం రాత్రి 9కి అందరం కలిసి అల్లే వెర్ట్ నుంచి రాటర్‌డామ్. ఎస్-58లు మాత్రమే. గవర్నర్ ఆన్ చేసి వచ్చినవాళ్ళని కవితక్క చూసుకుంటుంది.

తాతగారూ, కొత్త సౌండ్ ఫైల్ పెట్టా. గేర్‌బాక్స్ విడిగా రికార్డు చేసిన ముక్క ఒకటి దొరికింది. ఒకసారి వినండి.

#19 · గేర్‌బాక్స్_తాత · శనివారం, ఉదయం 6:10

విన్నాను. దగ్గరికొచ్చింది. ఇంకో అర స్వరం పైకి పెంచు. లోడు పడ్డప్పుడు ఏడుపు కొంచెం బొంగురుపోవాలి.

#20 · కొత్త_రెక్క · శనివారం, సాయంత్రం 5:33

హాయ్ అందరికీ, ఇవాళే చేరా. రాత్రి మీతో రావాలని ఉంది. కానీ నా జాయ్‌స్టిక్ థ్రాటిల్ ముందుకి తోస్తే హెలికాప్టర్ దిగిపోతోంది, వెనక్కి లాగితే లేస్తోంది. పాడైందా?

#21 · కలెక్టివ్_కవిత · శనివారం, సాయంత్రం 5:40

పాడవలేదు తమ్ముడూ, అదే సరైనది. కలెక్టివ్ మీదికి లాగితేనే లేవాలి. సెట్టింగుల్లో రివర్స్ జోలికి పోకు, రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. రాత్రి 8:45కే వచ్చి క్లచ్ కలపడం ప్రాక్టీసు చెయ్యి. 9కి నీకోసం ఆగం, టైమ్‌టేబుల్ ఉంది.